పునరాలోచిస్తే వెనక్కి తగ్గినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఏదైనా నిర్ణయంపై ‘పునరాలోచిస్తాం’ అని ఒక నాయకుడు అంటే చాలు, మర్నాడు పత్రికల్లో అది ‘వెనక్కి తగ్గారు’ అయిపోతోంది. పునరాలోచించడమంటే మళ్లీ ఆలోచించడం, అంతే. ఆలోచించాక పాత మాట మీదే నిలబడొచ్చు. 2006లో లాభదాయక పదవుల బిల్లును రాష్ట్రపతి అబ్దుల్ కలాం పునఃపరిశీలనకు తిప్పి పంపారు. పార్లమెంటు మార్పులేమీ చేయకుండానే మళ్లీ ఆమోదించింది. రాజ్యాంగం 111వ అధికరణ ప్రకారం ఆయన సంతకం చేయక తప్పలేదు. పునఃపరిశీలన జరిగింది, నిర్ణయం మాత్రం మారలేదు.

ఇక ‘మళ్లీ పునరాలోచించాలి’ అనే వాడుక ఒకటి. ‘పునః’ అంటేనే మళ్లీ కదా! అచ్చు ముందు ‘పునః’లోని విసర్గ (ః) రేఫగా, అంటే ‘ర్’గా మారుతుంది కాబట్టి పునరాలోచన. ‘ప’ ముందు విసర్గ అలాగే ఉంటుంది, అందుకే పునఃపరిశీలన. టీవీ స్క్రోలింగులో ‘పునర్పరిశీలన’ పరుగెడుతుంటే నేను గొణుగుతాను, ఇంట్లోవాళ్లు సౌండ్ పెంచుతారు.

కోర్టు వార్తల్లో ఇంకో తికమక. రివ్యూ పిటిషన్‌ను కొందరు పునర్విచారణ అంటున్నారు. ఇచ్చిన తీర్పును అదే కోర్టు ఇంకోసారి చూసుకోవడం రివ్యూ, దానికి ‘సమీక్ష’ చాలు. కేసును మళ్లీ మొదట్నుంచి నడిపితేనే పునర్విచారణ. ఈ విసర్గల టెన్షన్ ఎందుకనుకుంటే ‘ఇంకోసారి ఆలోచిస్తాం’ అని రాసినా మాకు అర్థమవుతుంది.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి