చెన్నైలో ఉన్న అమ్మణ్ణికి

మూలాపేట, నెల్లూరు

చి.ల.సౌ. అమ్మణ్ణికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. మొలగొలుకులు మర పట్టించాను, చంటితో పంపిస్తా. మొన్నటి గాలివానకు నీ ఫోను స్విచ్చాఫ్ వస్తుంటే మీ అమ్మ అన్నం ముట్టలేదు. నాకేం కంగారు లేదు. కరెంటు పోయిన కొన్ని గంటలకు టవరు బ్యాటరీలు కూడా దిగిపోతాయి, తెలిసిందే. అయినా సిగ్నల్ ఉన్నప్పుడే ఒక ఎస్సెమ్మెస్ కొట్టొచ్చు కదమ్మా. కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి అది పోతుంది.

కృష్ణపట్నంలో కరెంటు తయారవుతుంటే మనకెందుకు చీకటని మీ అమ్మ ఈసారీ అడిగింది. కూలేది స్తంభాలు, తెగేది తీగలు. మీ దగ్గర ఇంకొకటి ఉంది: వీధిలో నీళ్లు నిలిస్తే జనానికి షాక్ కొట్టకుండా కరెంటు వాళ్లే సరఫరా ఆపేస్తారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది చెన్నై. మీ మీటర్లు సెల్లార్లోనే కదా? అవి తడిస్తే వీధంతా వెలిగినా మీ బిల్డింగు చీకట్లోనే. ఆరబెట్టి, ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మెగ్గర్‌తో చూసేదాకా కనెక్షన్ ఇవ్వకూడదు. పైకి మార్పించమని అసోసియేషన్ వాళ్ల వెంటపడండి.

ఇన్వర్టర్ ఉందని ధీమా వద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1100, 1200. పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు. రెండు ఫ్యాన్లూ, లైట్లూ వేస్తే ఆరు గంటలు. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను ఒక్కటీ, 9 వాట్ల బల్బొక్కటీ అయితే దాదాపు రోజంతా లాగుతుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్, కొళాయి నీళ్లు కాదు.

అల్లుడు జనరేటర్ కొంటాడట, చంటి చెప్పాడు. బాల్కనీలో పెట్టేటట్టయితే వద్దే వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కావలిలో శీనయ్య మామ సంగతి విను. రొయ్యల గుంటలకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగాయని, జనరేటర్‌నీ బయటి లైన్నీ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ లేకుండానే జనరేటర్ తీగలు తెచ్చి బోర్డులో కలిపాడు. మెయిన్ ఆపలేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆయన మోటార్లు తప్ప ఇంకేం లేవు గనక జనరేటర్ బరువుకు అక్కడే ఆగిపోలేదు. కరెంటు వెనక్కి నడిచి, 400 వోల్టులు కాస్తా 11 వేలై లైనెక్కాయి. అవతల స్తంభం మీద లైన్‌మన్. ముందే లైన్ను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించుకున్నాడు గనక బతికాడు, జనరేటర్ కాలింది. మామ ఇప్పటికీ రొయ్యలు పోయాయనే గొణుగుతాడు! మీ అమ్మ ఆయన్ని వెనకేసుకొస్తుంది, అది వేరే సంగతి.

అత్తగారు వాడుతున్న ఇన్సులిన్ చల్లటి నీడలో చాలా రకాలు నాలుగు వారాలుంటాయి, అయినా పెట్టె మీద చూడు. కొత్తవి ఐసుకు ఆనించొద్దు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. ఫ్రిజ్ తలుపు తీయకుంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. మీ ఇంట్లో తీయకుండా ఎవరుంటారు?

తుఫాను కబురు వినగానే ట్యాంకు నింపించు, కొంచెం నగదు తెచ్చుకో. కరెంటొచ్చాక ఒక్క బల్బు వేసి చూడు. న్యూట్రల్ తీగ తెగి ఉంటే వెలుగు మరీ ఎక్కువో మరీ తక్కువో ఉంటుంది. పది నిమిషాలు నిలకడగా వెలిగాకే ఫ్రిజ్, ఏసీ. ఆ గాలిలో లిఫ్ట్ మాత్రం ఎక్కకు, ఇప్పుడు నువ్వు ఒక్కదానివి కాదు. మెట్లు నిదానంగా దిగు. ఎదురింటివాళ్ల నంబరొకటి మాకు రాసి పంపు.

పవర్ బ్యాంకు కూడా బియ్యం బస్తాతో వస్తుంది. 10,000 ఎంఏహెచ్ అన్నాడు. నీ ఫోనుకు ఒకటిన్నర సార్లు వస్తుందేమో. నెలకోసారి ఛార్జి పెట్టు, డ్రాయర్లో పడేసి మర్చిపోకు.

నాన్న