ఎట్టకేలకు ఏ రైఫిలో తేల్చేశానురా!

ఒరేయ్ ఎడంచేతి జమీందారూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు క్షమించు. నువ్వు అలిగి ఉంటావని తెలుసు. అలిగితే ఆ టార్చిలైటు సంగతి బయటపెడతానని బెదిరిస్తావనీ తెలుసు. పెట్టుకో, భయం లేదు.

ఇంటి విశేషాలు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, కర్ర లేకుండా నడుస్తోంది. చిన్నదాన్ని బళ్ళో వేశాం. మొదట్లో వెళ్ళనని ఏడ్చేది, ఇప్పుడు సెలవంటే ఏడుస్తోంది. ఆఫీసులో కొత్తేమీ లేదు. అంతే, ఇంక అసలు సంగతికి వస్తున్నా.

రైఫిల్ తేల్చేశాను! లైసెన్సు కాగితాలు చేతికొచ్చినప్పటి నుంచి మనిద్దరం ఫోన్లో ఎంత కొట్టుకున్నామో గుర్తుందిగా. ఒక రాత్రి నువ్వు రెమింగ్టన్ 700 తప్ప ఇంకేదీ రైఫిలే కాదన్నావు. ఇంకో రాత్రి మౌజర్ 98లో లాగా తూటాని పంజాతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళే బోల్టు (ప్రతి షాట్‌కీ చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసే కడ్డీ) లేకపోతే ఎందుకన్నావు. ఆ తర్వాత వించెస్టర్ 70 మీద నీ 1964 శోకం మొదలయ్యేది. ఆ శోకం న్యాయమైనదే. ఆ ఏడాది అంత మంచి పంజాని తీసేసి మామూలు బోల్టు పెట్టారంటే ఎవరికైనా మండుతుంది. కానీ నాకు కావాల్సింది వేటకి కాదు కదరా. రేంజ్‌లో 100 మీటర్ల నుంచి 300 దాకా కాగితం మీద టార్గెట్ కొట్టుకోవాలి, పడుకునో బల్ల మీద ఆనించో. మధ్యరకం బడ్జెట్, ఫ్యాక్టరీలోంచి ఎలా వస్తే అలా వాడుకోవాలి. తుపాకులు బాగుచేసేవాళ్ళ చేత మార్పులు చేయించే ఓపిక నాకు లేదు.

చివరికి జాబితాలో నాలుగు మిగిలాయి. సావేజ్ 110, హోవా 1500, బెర్గారా బి-14, టిక్కా టి3ఎక్స్. రెమింగ్టన్ ఏదీ అని అరవకు. బెర్గారా నీ కోసమే పెట్టాను. దాని యాక్షన్ (బోల్టు కదిలే ఉక్కు డొక్కు) రెమింగ్టన్ 700 కొలతలకే చేశారు కాబట్టి 700కి దొరికే ట్రిగ్గర్లు దానికీ పడతాయి. నువ్వు గంటలకొద్దీ చెప్పే వాదంలో ముఖ్యమైన ముక్క అదే కదా.

ఇప్పుడు విను, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. మా రేంజ్‌కి ఒక పెద్దాయన వస్తారు. పోటీల్లో ఏళ్ళ తరబడి కాల్చిన మనిషి. మాట తక్కువ. నా జాబితా చూసి, "ఇవన్నీ మా వాళ్ళ దగ్గర ఉన్నాయి. కాగితం మీద చదివి కొనకు, చేతిలోకి తీసుకుని చూడు" అన్నారు. అన్నట్టే తన మిత్రుల్ని అడిగి ఒకరోజు అన్నీ బల్ల మీద పెట్టించారు. ఎవరైనా మనకి ఇంత చేస్తారా చెప్పు! నాకు మాట రాలేదు.

మొదట ఏం చేయించారో తెలుసా? ప్రతి రైఫిల్‌కీ బోల్టు తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చూసి, ఆ తర్వాతే నా చేతికిచ్చారు. ప్రతిసారీ. పక్కన ఉన్నవాళ్ళు ఇప్పుడే చూశామన్నా మళ్ళీ చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తమన్నారు. చెంప హాయిగా ఆనాక కళ్ళు తెరవాలి. తెరవగానే స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపిస్తే ఆ స్టాక్ (చెంపా భుజమూ ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) మనకి సరిపోయినట్టు. చుట్టూ నల్లటి నీడ కనిపించి, మెడ చాచాల్సొస్తేనో తల వంచాల్సొస్తేనో సరిపోనట్టు. ఎంత తేలికైన పరీక్షో చూడు! ఇన్ని రాత్రులు మనం బ్యారెల్ ఉక్కు గురించి వాదించుకున్నాం గానీ, నా మెడ పొడుగు సంగతి మనిద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ట్రిగ్గర్ నుంచి మడమ (స్టాక్‌లో భుజానికి ఆనే కొస) చివరిదాకా ఎంత దూరం ఉందనేదే సగం సుఖాన్ని తేల్చేస్తుంది. టిక్కాకి మడమ దగ్గర పలకలు చేర్చి ఆ దూరం పెంచుకోవచ్చు, చేతి పట్టు ముక్క కూడా మార్చుకోవచ్చు.

తర్వాత బోల్టు. అబ్బ, ఇక్కడే నా మనసు పడిపోయిందిరా. మామూలుగా రెండు లగ్గుల (బోల్టుని గడియలా బిగించి ఉంచే పళ్ళు) బోల్టుని 90 డిగ్రీలు పైకెత్తాలి. టిక్కాది రెండు లగ్గులే అయినా 70 డిగ్రీలకే తెరుచుకుంటుంది. తక్కువ ఎత్తితే చాలు కాబట్టి వేళ్ళు స్కోప్‌కి తగలవు. అది ఒక ఎత్తు, జారడం ఇంకో ఎత్తు. వెనక్కి పూర్తిగా లాగినప్పుడు కూడా పక్కలకి ఊగదు, మధ్యలో గీసుకోదు, ఒక్క వేలితో తోస్తే ముందుకెళ్ళిపోయింది. పెద్దాయన నా మొహం చూసి నవ్వారు. హోవా కూడా గట్టి పనే, అబద్ధం చెప్పను. రికాయిల్ లగ్ (కాల్చినప్పటి తన్నుని స్టాక్‌కి అందించే దిమ్మ) యాక్షన్‌తో కలిపి ఒకే ముక్కగా ఉంటుంది, అడుగు చదునుగా ఉండి స్టాక్‌లో నిబ్బరంగా కూర్చుంటుంది. జపాన్‌లో తయారయ్యే ఈ యాక్షన్ మీదే వెదర్‌బీ కంపెనీ వాళ్ళు తమ వ్యాన్‌గార్డ్ రైఫిల్‌ని అమ్ముతూ వచ్చారు. నాణ్యత సంగతి దాన్నిబట్టే తెలుస్తుంది. టిక్కా లేకపోతే కళ్ళు మూసుకుని హోవా తీసుకునేవాణ్ణి.

ట్రిగ్గర్‌కి కూడా ఒక పరీక్ష పెట్టారు. ఖాళీ రైఫిల్ బ్యారెల్ చివర ఒక నాణెం నిలబెట్టి, నొక్కమన్నారు. క్లిక్‌మన్నాక కూడా నాణెం పడకూడదు. సావేజ్ ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది. 2003లో వాళ్ళు తెచ్చిన అక్యుట్రిగ్గర్ ఉంది చూశావా, ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నని బ్లేడు ఉంటుంది. దాన్ని నొక్కనిదే సియర్ (పేల్చే సూదిని పట్టి ఉంచే కొక్కెం) వదలదు. అందుకే ఎంత తేలికగా సర్దుకున్నా, కింద పడినా పేలుతుందేమో అన్న భయం తక్కువ. అప్పటిదాకా ఫ్యాక్టరీ ట్రిగ్గర్ అంటే వేలు నొప్పెట్టేదాకా లాగడమే. ఇది వచ్చాక మిగతా కంపెనీలన్నీ కళ్ళు తెరిచి సొంత ట్రిగ్గర్లు బాగుచేసుకున్నాయి. మధ్యరకం బడ్జెట్ వాళ్ళందరం సావేజ్‌కి రుణపడి ఉన్నాం, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్న మాట. 1958 నుంచి ఆ 110 ఆగకుండా తయారవుతోంది మరి! కానీ బోల్టు... సరే, దాని గురించి వద్దులే, నీకు తెలుసు.

ఇక కాగితం ముక్క సంగతి. ఇది ఎవరు కొంటున్నా చేయించాలి. బ్యారెల్‌కీ స్టాక్ ముందుభాగానికీ మధ్య సందులో ఒక పల్చటి కాగితం దూర్చి యాక్షన్ దాకా లాగాలి. ఎక్కడా ఆగకపోతే బ్యారెల్ దేన్నీ తాకకుండా ఉన్నట్టు. అక్కడితో చాలనుకున్నా నేను. పెద్దాయన బైపాడ్ (స్టాక్ ముందు బిగించే రెండు కాళ్ళ ఊత) పెట్టి, ఇప్పుడు దాని మీద భుజంతో ఒత్తిడి వేసి మళ్ళీ లాగమన్నారు. పక్క బల్ల మీద ఇంకొకాయన తెచ్చిన ఒక రైఫిల్ ఉంది, కంపెనీ పేరు రాయను. దాని ప్లాస్టిక్ స్టాక్ అంత ఒత్తిడికే వంగి బ్యారెల్‌కి ఆనుకుంది! కాగితం కదలలేదు. అదే రైఫిల్‌ని ఇసుక సంచి మీద పెట్టి కాలిస్తే చక్కగా కొట్టింది, బైపాడ్ మీద కాలిస్తే గుంపు (కాగితం మీద పడ్డ రంధ్రాలన్నీ కలిపి) పక్కకి జరిగింది. ఆయన పాపం ఎంతకాలంగానో స్కోప్‌ని తిట్టుకుంటున్నాడట. చూస్తుంటే నాకే బాధేసింది. చవక రైఫిళ్ళలో కూడా ఈ రోజుల్లో బ్యారెల్ బాగానే ఉంటోందిరా, అక్కడ డబ్బు మిగుల్చుకోవడం లేదు కంపెనీలు. మిగుల్చుకునేది స్టాక్‌లో, బోల్టు నునుపులో, మ్యాగజీన్‌లో (తూటాలు నింపే డబ్బా). మధ్యరకానికి మనం కట్టే అదనపు డబ్బు వీటికే. ఇది నాకు అర్థమయ్యాక ఎంపిక సగం తేలికైపోయింది.

అన్నట్టు, గురి మీద కంపెనీలు ఇచ్చే గ్యారంటీల సంగతి. ఒక ఎంఓఏ (గుంపు వెడల్పుని చెప్పే కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 29 మిల్లీమీటర్లు. టిక్కా మూడు షాట్లకి ఒక ఎంఓఏ అని మాటిస్తుంది. మూడు షాట్లకి! మూడు అదృష్టం కొద్దీ దగ్గరగా పడొచ్చు. అదే రైఫిల్ అదే మనిషి పది షాట్లు కాలిస్తే ఆ గుంపు సగటున మూడు షాట్ల గుంపుకి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందులో రైఫిల్ తప్పేం లేదు, లెక్కే అంత. కాబట్టి నీకెవరైనా మూడు రంధ్రాలున్న కాగితం చూపించి గొప్పలు చెబితే పది రంధ్రాలున్న కాగితం అడుగు. ఆరోజు అన్నిటితోనూ పదేసి కాల్చాం, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ. టిక్కా, బెర్గారా ఇంచుమించు సమానం. హోవా వెంటనే వెనక. ఆ తేడాలు నా చేతి వణుకులో కలిసిపోయేంత చిన్నవి. అందుకే చివరికి గుంపు చూసి కాదు, భుజానికి ఎత్తినప్పుడు ఏది హాయిగా ఉందో, ఏ బోల్టుని రోజంతా లాగినా విసుగురాదో చూసి తేల్చుకున్నాను.

టిక్కా టి3ఎక్స్ వార్మింట్. లావు బ్యారెల్ మోడల్. మోయడానికి బరువే, కానీ నేను దాన్ని కొండలెక్కించనుగా. బ్యారెల్ లావుగా ఉంటే నెమ్మదిగా వేడెక్కుతుంది, బరువు వల్ల భుజానికి తన్ను కూడా తగ్గుతుంది.

ఇప్పుడు నువ్వు ఎగిరి గంతేసే మాట: తూటా రకం .308 తీసుకున్నాను! అవునురా, .308ఆ 6.5 క్రీడ్‌మూరా అన్న పందెం నువ్వే గెలిచావు. 6.5 క్రీడ్‌మూర్ 2007లో వచ్చిన కొత్త పిల్ల. సన్నటి పొడుగాటి బుల్లెట్, గాలిని బాగా చీల్చుకుని పోతుంది, తన్ను కూడా తక్కువ. దూరాలకి అదే గొప్ప, కాదనను. కానీ 300 మీటర్ల లోపల ఆ గొప్పతనం పెద్దగా తెలియదు. 1952 నుంచి ఉన్న .308కి ఎన్ని రకాల తూటాలు కావాలంటే అన్ని దొరుకుతాయి, బ్యారెల్ కూడా ఎక్కువ కాలం మన్నుతుంది. నేర్చుకునేవాడు వేలల్లో కాల్చాలి కదా, నాకు బ్యారెల్ ఆయుష్షే ముఖ్యం. దీని ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే బ్యారెల్ లోపలి గాళ్ళ మెలిక) 11 అంగుళాలకి ఒక చుట్టు. టార్గెట్‌కి వాడే 168 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌కి హాయిగా సరిపోతుంది.

ఇంకొకటి, డబ్బు సంగతి. ఇందులో నా మాట వినరా, బతిమాలుతున్నాను. బడ్జెట్ మొత్తం రైఫిల్ మీద పోయొద్దు. బ్యారెల్, యాక్షన్ మంచివి చూసుకుని అక్కడ ఆగిపో. తర్వాత మార్చుకోగలిగిన వాటికి ఇప్పుడే డబ్బు తగలెయ్యకు. మంచి స్కోప్‌కి, దాన్ని గట్టిగా పట్టుకునే రింగులకి, మరలు సరైన బిగువుకి బిగించే టార్క్ రెంచ్‌కి, అన్నిటికంటే ముఖ్యంగా తూటాలకి మిగుల్చుకో. ఖరీదైన రైఫిల్ కొని, తూటాలకి డబ్బుల్లేక నెలకోసారి వచ్చి పెట్టె తెరిచి చూసుకునేవాళ్ళు మా రేంజ్‌లో ఉన్నారు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. రైఫిల్ ఎంత మంచిదైనా కాల్చకపోతే...

ఆగు, బయట హారన్ కొడుతున్నారు. రేంజ్‌కి వెళ్ళే బండి వచ్చేసింది. మ్యాగజీన్ గురించి ఇంకా చెప్పనేలేదు, సేఫ్టీ గురించి కూడా. కొత్త బ్యారెల్‌ని మొదట ఎలా శుభ్రం చేయాలో పెద్దాయన చెప్పినదంతా మళ్ళీ రాస్తా. నీకు ముఖ్యమైన మాట ఒక్కటి: టిక్కా, సావేజ్ రెండూ ఎడంచేతి బోల్టుతో కూడా వస్తాయి. ఇక మీదట కుడిచేతి రైఫిల్‌ని తలకిందులుగా పట్టుకుని సర్కస్ చెయ్యక్కర్లేదు. నీకెంత పొడుగు స్టాక్ కావాలో తెలియాలి, అందుకని మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా ఎంతుందో టేపుతో కొలిచి రాయి. మీ ఆవిడ చేత కొలిపించు, నువ్వు కొలిస్తే నేను నమ్మను. మళ్ళీ హారన్! వస్తున్నా వస్తున్నా

నీ
కుడిచేతివాడు