బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రుల పక్షాన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆర్యా,

బిడ్డ పుట్టాక 42 రోజుల పాటు ఆశా కార్యకర్త నిర్ణీత రోజుల్లో ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు మనకు ఉంది. కానీ కాన్పులోనో, ఆ తర్వాత కొద్ది రోజులకో బిడ్డ చనిపోయిన ఇంటికి అదే శ్రద్ధతో ఎవరు వెళ్తున్నారో విచారించవలసిందిగా కోరుతున్నాను. బిడ్డ పోయినా తల్లికి పాలు పడతాయి, రొమ్ములు గట్టిపడి సలుపుతాయి, పక్క మంచాల మీద పసిపిల్లలు ఏడుస్తుంటే ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆమెను వేరే వార్డుకు మార్చడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.

శిశు మరణాల సమీక్షకు 2014లోనే జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. వివరాలు రాసుకోవడానికి వెళ్లే సిబ్బంది, తెలిసిన కారణాన్ని ఆ ఇంటివాళ్లందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. లేకపోతే గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఆమె జాతకం మంచిది కాదనో నింద కోడలి మీద పడుతుంది, ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టిన తండ్రిని పలకరించేవారే ఉండరు.

ఇలాంటి సందర్భాల్లో అర్హులైన తన మహిళా ఉద్యోగులకు కేంద్రం 2022లో 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ప్రకటించింది. కూలికి వెళ్లే తల్లికి ఆపాటి విశ్రాంతి ఎలా దొరుకుతుందో శాఖ తేల్చాలి. ఇదే దుఃఖం దాటివచ్చిన తల్లులు, వారికి ఇష్టమైతే, కొత్తగా బిడ్డను కోల్పోయినవారిని కలిసి మాట్లాడేలా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక తల్లి