బుజ్జికి, కొబ్బరికాయల బస్తాతో పాటు

చి.ల.సౌ. బుజ్జికి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ నాన్నగారూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలిద్దరూ క్షేమమని తలుస్తాను.

మాసూళ్ళు మొదలయ్యేయి. కుప్పలు ఇంకా చేలోనే ఉన్నాయి, వాన పడితే ఎలాగని నాన్నగారికి రాత్రిళ్ళు నిద్ర లేదు. తెల్లగేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను వండి చుట్టుపక్కల అందరికీ పంచేను గానీ నాకు మాత్రం గొంతు దిగలేదు. రాజోలు అత్తయ్య మనవడికి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్ళి. నువ్వు రాలేవని నేనే చెప్పేసేను, నీకు ఫోన్ చేసి నిష్ఠూరాలాడొద్దని కూడా చెప్పేను.

పాలకొల్లు పిన్ని వచ్చి వెళ్ళింది. దాని కోడలు దీపావళికి మీ ఇంటికొచ్చిందటగా. నువ్వు మంచం దిగడం లేదనీ, స్కూలుకి సెలవు పెట్టేసేవనీ, కాఫీ గ్లాసు కూడా పిల్లలే గదిలోకి తెచ్చిస్తున్నారనీ చెప్పిందట. "సంక్రాంతి వెళ్ళేక ఎలాగూ పాదం ఆపరేషన్ చేస్తారు, ఇప్పుడు నడిచి ఏం లాభం" అన్నావట. పిన్ని సంగతి నీకు తెలిసిందే, గోరంత ఉంటే కొండంత చేస్తుంది. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, అప్పట్నుంచీ ఫోన్ చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. "బాగానే ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని మెసేజి పెడతావు, ఆ తర్వాత అనేది రాదు. అందుకని ఉత్తరం రాసి బస్తాలో పెట్టిస్తున్నాను. కాగితం మీదది తీరిగ్గా చదువుకుంటావు కదా.

నా మోకాళ్ళ సంగతి అడుగుతావని రాస్తున్నా. కార్తీకంలో బెల్టులు కట్టుకుని పంచారామాల బస్సెక్కేను. నాన్నగారు వద్దంటే వద్దన్నారు. అమరావతిలో మొదలెట్టి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. మెట్లున్న చోట పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని ఎక్కేను, కింద కూర్చోమన్న చోట కూర్చోలేదు, అంతే. ఇంటికొచ్చేక మర్నాటికి నొప్పి సర్దుకుంది. అమలాపురంలో నాకు ఎక్సర్‌సైజులు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక లెక్క చెప్పింది. ఏదైనా పని చేసేక నొప్పి రెండు గంటలకి మించి ఎక్కువగా ఉంటే, మర్నాడు ఆ పని కాస్త తగ్గించుకోవాలట. తగ్గించుకోమంది గానీ మానెయ్యమనలేదు బుజ్జీ.

ఆ అమ్మాయి మంచిది, ఓపిగ్గా చెప్తుంది. గుజ్జు గుజ్జు అంటాం కదా, ఆ గుజ్జుకి రక్తనాళాలే ఉండవట. కీలు కదిలినప్పుడు లోపలున్న జిగురునీరు అటూ ఇటూ ఆడి, దాని ద్వారానే గుజ్జుకి తిండి అందుతుందట. కదలకపోతే ఆ తిండీ లేదు. నీళ్ళు ఆగిపోయిన కాలవలో గుర్రపుడెక్క అల్లుకున్నట్టే అనిపించింది నాకది వింటుంటే. నాది వయసు మీద పడ్డ అరుగుడు. నీది అది కాదనీ, రుమటాయిడ్ కీళ్ళవాతమనీ, ఒంట్లో రోగాల్ని తరమాల్సిన శక్తే కీళ్ళ మీద పడుతుందనీ, వాపొచ్చి వేడిగా ఉన్న రోజున ఆ కీలుని శ్రమ పెట్టకూడదనీ నాకు తెలుసు. ఆ రోజు బరువు వెయ్యకుండా మెల్లగా ఆడించి ఊరుకో. మిగతా రోజుల మాటేమిటి? పొద్దున్న లేవగానే వేళ్ళు, మడమలు బిగుసుకుపోయి ఉంటాయి సరే, వేణ్ణీళ్ళు పోసుకుని, కాస్త సడలేక లేచి తిరగొచ్చు కదా. అమ్మాయి ఎంతసేపు చెయ్యాలో కూడా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉన్న కదలిక కావాలట, దీర్ఘరోగాలున్న వాళ్ళక్కూడా అదే లెక్కట. ఒక్కసారే చెయ్యక్కర్లేదు, పది నిమిషాల చొప్పున చేసినా చెల్లుతుంది.

పాదం నొప్పిగా ఉంటే నడవమని నేను అనడం లేదు. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, తొడ బిగించి ఐదు లెక్కపెట్టి దించడానికి పాదంతో పనేముంది? మీ అపార్టుమెంట్లో ఈతకొలను ఉంది కదా, నువ్వే ఫోటో పంపేవు. నీళ్ళలో ఒంటి బరువు తేలిపోతుంది, నడుం లోతు నీళ్ళలో నెమ్మదిగా నడువు. పుండు లాంటిదేమైనా ఉంటే మాత్రం దిగకు. గట్టు తడిగా ఉంటుంది, అల్లుడుగారిని చెయ్యి పట్టుకోమను. ఆయనకి తీరికెక్కడిది అనకు, ఆదివారం ఉంటుంది.

కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మన దింపు సత్తిబాబు నీకు గుర్తున్నాడా? చిన్నప్పుడు నీకు బొండాలు కొట్టిచ్చేవాడు. 1996 తుఫానులో మన దొడ్లో చెట్లు నేలకొరిగినప్పుడు ఏడ్చింది నాన్నగారు కాదు, వాడు. మిగిలిన చెట్లు ఎక్కుతూనే ఉండేవాడు. ఒక వానాకాలం మట్ట మీద కాలు జారి నిలువుగా కింద పడ్డాడు, కుడి మడమ ఎముక నలిగిపోయింది. ఎత్తు నుంచి పాదాల మీద పడితే అది విరగడం మామూలేనట. కాకినాడ తీసుకెళ్ళేరు, కట్టు కట్టేరు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కొన్నేళ్ళు అలాగే కుంటుతూ కాయలు వలిచే పనికి వెళ్ళేడు. ఆ తర్వాత చీలమండ కింది కీలు అరిగిపోయి, రాయి మీద కాలు పడితే చాలు, అక్కడే కూలబడిపోయేవాడు. కీలు అతికించెయ్యాలి, మరలు బిగిస్తామన్నారు డాక్టర్లు. ఆ మాట విన్నాక దసరా నుంచి సంక్రాంతి దాకా అరుగు మీద నులకమంచంలో పడుకున్నాడు. భోజనం అక్కడికే, చుట్ట అక్కడికే. మంగ కూలికెళ్ళి వచ్చి, వండి, వాడికి పెట్టి, వాడితో తిట్లు తినేది. నాన్నగారు ఓసారి చూడ్డానికెళ్ళి, లేచి నిలబడరా అంటే నిలబడలేకపోయేడు. చెడ్డ కాలు కాదే, మంచి కాలే వణికింది! తొడకండ అంతా పోయింది. ఆపరేషన్ చేస్తే ఆ కాలి మీదే కదా నెలల తరబడి ఆనాలి.

ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరు కూడా చూసి, ఇలా అయితే చెయ్యను, ముందు ఒంట్లో బలం తెచ్చుకో, చుట్ట మానెయ్, చుట్ట తాగితే ఎముక అతుక్కోదు అన్నాడట. మంగ ఆ రోజే మంచం విప్పి అటక మీద పడేసింది. వాడు అరుగు అంచున కూర్చుని రెండు చేతులతో ఒంటిని పైకి లేపేవాడు. మంచి కాలికి గుడ్డలో చిన్న కొబ్బరికాయ కట్టించుకుని ఎత్తి దించేవాడు. మధ్యమధ్యలో కూర్చున్నచోటే ఈనెలు తీసి చీపుళ్ళు కట్టేవాడు. అవి అంబాజీపేట సంతలో అమ్మి మంగ మందులు కొంది. ఎండలు ముదిరేలోపు ఆపరేషన్ అయింది. కాలు నేల మోపకుండా ఎంత కాలం చెప్పేరో అంత కాలం ఉన్నాడు, వాకరు పట్టుకుని ఒంటికాలి మీద దొడ్లోకి వెళ్ళొచ్చేవాడు, ఒక్కసారి పడలేదు. ఇప్పుడు చెట్టెక్కడు. కొబ్బరి మార్కెట్లో కాయలు రకాలు వేరుచేస్తాడు, సైకిలు తొక్కుతాడు. నిరుడు కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి మన ప్రభ వెనకాలే పొలాల గట్ల మీద నడిచేడు, కౌశిక దాటేటప్పుడు మాత్రం ఒడ్డున ఆగిపోయేడు. నీ సంగతి చెప్తే, "చిన్నమ్మగారిని మంచం ఎక్కొద్దనండి" అన్నాడు. ఈ కాయలు వాడు ఏరినవే.

నీ ఆపరేషన్ వేరు, తెలుసు. బొటనవేలి మొదటి కీలు అతికించి మిగతా వేళ్ళు తిన్నగా చేస్తారని అల్లుడుగారు చెప్పేరు. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయట. ఒక కీలు అతికించేస్తే అక్కడ కదలికే ఉండదు కాబట్టి నొప్పీ ఉండదు, కానీ ఆ పని పక్క కీళ్ళ మీద పడుతుంది. వాటిని ఇప్పట్నుంచే బిగుసుకుపోనిస్తే ఎలా? ఆపరేషన్ అయ్యేక కొందరికి మడమ మీద బరువేసి నడిచే చెప్పు ఇస్తారట, కొందర్ని ఆరు వారాల దాకా మోపనివ్వరట. నీకు ఏదో అడిగేవా? అడగకపోతే ఈసారి కాగితం మీద రాసుకెళ్ళు. వాకరు సంగతి కూడా అడుగు. మామూలు వాకరు పట్టుకుంటే బరువంతా మణికట్టు మీదా వేళ్ళ మీదా పడుతుంది, నీ చేతులకి అది పడదు. మోచేతులు ఆనించుకునే రకం ఉంటుందట. ముందే తెచ్చుకుని ఇంట్లో అలవాటు చేసుకో, ఆపరేషన్ రోజు మత్తు దిగేక నేర్చుకునే పని కాదది.

ఇంకొకటి, నీకు మెడ పట్టేస్తోందని ఆషాఢంలో అన్నావు. మత్తు ఇచ్చే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పు. నీ జబ్బులో మెడ పైభాగం ఎముకలు సడలే అవకాశం ఉంటుందట, వాళ్ళు ఎక్సరే తీయించి చూసుకుంటారు. వారానికి ఒక్కసారి వేసుకునే బిళ్ళ వారానికి ఒక్కసారే, రోజూ వేసుకునేది కాదు, పిల్లల చేత తెప్పించుకునేటప్పుడు డబ్బా చూసుకో. ఆపరేషన్ ఉందని ఏ మందూ నీ అంతట నువ్వు ఆపకు. స్టిరాయిడ్ అయితే అసలే ఆపకూడదు. ఏది ఎప్పుడు ఆపాలో, ఇంజెక్షన్ ఎన్నాళ్ళు ముందు మానాలో కీళ్ళ డాక్టరూ కోసే డాక్టరూ మాట్లాడుకుని చెప్తారు. చెప్పించుకోవడం నీ పని.

ఆపరేషన్ అయ్యేక పాదం గుండె కంటే ఎత్తులో ఉంచాలి, దిండ్లు నేను తెస్తాను, బూరుగుదూది పెట్టి కుట్టించేను. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, రక్తం గడ్డకట్టొచ్చట. కదల్చమన్న కాలు కదుపుతూ ఉంటే ఆ భయం తగ్గుతుంది. చూసేవా, అక్కడ కూడా కదలమనే అంటున్నారు.

బాత్రూంలో కుర్చీ వేయించు. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలన్నీ తీయించెయ్, పెద్దవాడు వాటి మీద జారుతూ ఆడతాడు. చలువరాళ్ళ మీద ఒట్టికాళ్ళతో తిరగకు, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండే ఎంసీఆర్ చెప్పులు, అదే మెత్తటి రబ్బరువి, కొనుక్కో. మీ అత్తగారు ఇంట్లో చెప్పులేమిటంటే నేను మాట్లాడతాను.

2015 పుష్కరాలప్పుడు చిన్నదాన్ని చంకనేసుకుని మెట్లు దిగేవు. మళ్ళీ 2027లో వస్తున్నాయి. ఆ జనంలో నువ్వు దిగనక్కర్లేదు, రద్దీ లేని రేవులో నాన్నగారు, నేను, నువ్వు వెళ్దాం. మన ఊరి రేవులో మెట్లు నాచు పట్టి ఉన్నాయి, అది వద్దు.

పిన్ని చెప్పింది నిజం కాకపోతే కాదని ఒక్క మాట చెప్పు, ఇంక అడగను. నిజమైతే, భయమేస్తోందని నాకు చెప్పు. భయమేస్తుంది అమ్మా, పాదం కోస్తారంటే ఎవరికైనా వేస్తుంది. మంచం మీద పడుకుంటే ఆ భయం పెరుగుతుందే గానీ తగ్గదు, సత్తిబాబుని చూసేను కదా. తేదీ ఖరారైతే వెంటనే చెప్పు. గౌతమికి టికెట్లు ముందే తియ్యాలి, ఆలస్యమైతే కింది బెర్తులు దొరకవు, పై బెర్తు నేనెక్కలేను.

ఆదివారం పొద్దున్న పిల్లలు లేచే వేళకి ఫోన్ చేస్తాను. నువ్వే ఎత్తాలి, మెసేజి పెట్టకు.

ఉంటాను.
అమ్మ

కాయలు పీచుతో పంపేను, నిలవుంటాయని. వలవడం అల్లుడుగారికి అప్పజెప్పు, నువ్వు చెయ్యి పెట్టకు, వేళ్ళ కీళ్ళు వాస్తాయి. అడుగున సీసాలో నల్లేరు పచ్చడి ఉంది. ఎముకకి మంచిదని మీ నాయనమ్మ నమ్మకం, మందులు మాత్రం మందులే, దీన్ని చూసుకుని అవి మానకు. దురద పోయేదాకా నూనెలో బాగా వేయించేను. సీసా మూత గట్టిగా ఉంది, పెద్దవాడి చేత తీయించు.