డాక్టర్లు కట్టే ఫీజులో డాక్టర్ల వైద్యానికి కొంత కేటాయించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డాక్టర్‌ని. డాక్టర్లకు లైసెన్సులిచ్చే మెడికల్ కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం మేం కట్టే ఫీజులో కొంత భాగాన్ని జబ్బుపడిన డాక్టర్ల కోసం విడిగా కేటాయించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

డాక్టరుకు జబ్బు చేస్తే ఏం జరుగుతుందో మా అందరికీ తెలుసు. నిద్ర పట్టకపోతే మందు తనే రాసుకుంటాడు. డిప్రెషన్ అని అనుమానం వచ్చినా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడు, ఎందుకంటే ఆయన తన క్లాస్‌మేటో, రోజూ కేసులు పంపుకునే మనిషో అయి ఉంటాడు. తాగుడుకి అలవాటుపడితే తోటివాళ్లు డ్యూటీలు సర్దేసి కప్పిపుచ్చుతారు. అదే సాయమనుకుంటారు. అన్నిటికీ మించి లైసెన్సు భయం. లైసెన్సు దరఖాస్తులో 'మానసిక వ్యాధికి ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా' అన్న గడి కనిపిస్తే, అక్కడ 'అవును' అని రాయాల్సి వస్తుందని చికిత్సకే వెళ్లనివాళ్లున్నారు. 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్న న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్‌ను ఈ భయం కూడా వెంటాడిందని ఆమె కుటుంబం చెప్పింది.

సాయం అందితే కోలుకుంటారు. మద్యం, మత్తుమందుల సమస్యతో అమెరికాలోని 16 రాష్ట్రాల్లో జబ్బుపడిన డాక్టర్లకు సాయపడే కార్యక్రమాల్లో చేరిన 904 మంది డాక్టర్ల మీద జరిగిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఏమయ్యారో తెలిసినవాళ్లలో నూటికి 78 మంది ఐదేళ్ల తర్వాత లైసెన్సుతో పనిచేసుకుంటున్నారు.

ఇక డబ్బు సంగతి. గ్రాంటు మీద నడిచే పథకం ఏ బడ్జెట్‌లో కోత పడుతుందోనని ఏటా ఎదురుచూడాలి. ఫీజు అలా కాదు, క్రమం తప్పకుండా వస్తుంది, అందరి మీదా పడుతుంది కాబట్టి ఒక్కొక్కరికీ భారం తక్కువ. ఆస్ట్రేలియాలో డాక్టర్ల ఆరోగ్య సేవలకు అక్కడి కౌన్సిల్ లాంటి మెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచే నిధులిస్తోంది. అప్పుడే డిగ్రీ చేతికొచ్చిన పిల్లల దగ్గర మాత్రం తక్కువ తీసుకోండి. వాళ్లకిచ్చే స్టైపెండ్ ఏపాటిదో మీకు తెలియనిది కాదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడుగుతున్నాను. డబ్బు కౌన్సిల్ ఇవ్వాలి, కేసు వివరాలు మాత్రం కౌన్సిల్‌కి చేరకూడదు. తనంతట తాను సాయం కోరి వచ్చిన డాక్టరు పేరు, రోగులకు ప్రమాదం ఉంటే తప్ప, బయటికి పొక్కకూడదు. అలాగని గోప్యత పేరుతో లెక్కాజమా లేకుండా వదిలేయకూడదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో మెడికల్ బోర్డే నడిపిన ఇలాంటి కార్యక్రమం పర్యవేక్షణ సరిగా లేదని ఆడిట్లలో తేలాక 2008లో మూతపడింది. అందుకే విడి సంస్థ, దానికి బయటివాళ్ల ఆడిట్, డాక్టరుకు అన్యాయం జరిగితే అప్పీలు చేసుకునే దారి, ఈ మూడూ నిబంధనల్లోనే రాయించండి.

వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో ఈ అంశం పెట్టించండి. దరఖాస్తులోని ఆ గడిని ఆలోపే తీయించండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇట్లు,
ఒక డాక్టర్