ఊట పక్కన బోర్డేదీ?

సంపాదకునికి,

నగరం నడుమ ఖనిజ జలపు ఊటలున్న ఒక చిన్న పార్కును ఇటీవల చూశాను. నేలలోకి ఇంకిన వాన నీరు రాతి పొరల గుండా ఏళ్ల తరబడి పయనించి, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి ఖనిజాలను కరిగించుకుని అక్కడ పైకి ఉబుకుతోంది. నీటిలోని ఇనుము గాలి తగిలి ఆక్సీకరణం చెందడం వల్ల ఊట అంచు రాళ్లు తుప్పు రంగు తేలాయి. దోసిట పట్టిన నీటిలో సన్నని బుడగలు లేచాయి. అంత అపురూపమైన చోట ప్లాస్టిక్ సీసాలు పడి ఉండటం బాధించింది. అంతకన్నా ఆందోళనకరం, నీటి పరీక్ష వివరాలు తెలిపే బోర్డు ఒక్కటీ లేకపోవడం. కొన్ని సహజ ఊటల్లో ఫ్లోరైడ్, ఆర్సెనిక్ మోతాదు మించి ఉంటాయి కనుక, అధికారులు ఆ నీటిని క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను ఊట పక్కనే ప్రదర్శించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు