బ్రుస్కెట్టా పొద్దున్నే పేర్చిపెట్టేది కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

రిసెప్షన్లలో ఇటాలియన్ స్టార్టర్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఇంట్లో పదిమందికి చేసుకునేవాళ్లకు అందులోని కొలతలు పనికొస్తాయి. కానీ అన్నీ పొద్దున్నే చేసి, పేర్చి, సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చన్న సలహా మాత్రం సరైనది కాదు. వందలమందికి వండేచోట అలా చేస్తే రొట్టె నానిపోతుంది, ఆకు నల్లబడుతుంది. అన్నంతో చేసేవి జాగ్రత్త తప్పితే కడుపు కూడా చెడుతుంది. ఏది ముందురోజే చేసుకోవచ్చో, ఏది వడ్డించేదాకా ఆపాలో కేటరింగ్ వంటశాలల్లో పనిచేసేవాళ్లుగా మాకు తెలిసింది రాస్తున్నాం.

ముందు లెక్క. వెనకాల పూర్తి భోజనం ఉన్న రిసెప్షన్‌లో మనిషికి ఐదు ముక్కలు చాలు. స్టార్టర్లే విందు అయితే పది, పన్నెండు కావాలి. రకాలు మూడు దాటనివ్వకండి. మెనూ కార్డు మీద పన్నెండు పేర్లు కనిపించాలని పట్టుబట్టే కుటుంబాలకు మేం చెప్పేది ఒక్కటే: పన్నెండు రకాలు ఒప్పుకున్న కేటరర్‌కు అన్నీ ముందే చేసి పెట్టుకోవడం తప్ప దారి ఉండదు. మూడే అయితే అతిథి ఎదుటే పూర్తిచేసి ఇవ్వగలడు. కింది కొలతలన్నీ వందమందికి, నూటికి పది ముక్కలు అదనంగా కలుపుకుని వేసినవి.

బ్రుస్కెట్టా తలకు రెండు చొప్పున 220 ముక్కలు. రోమ్ చుట్టుపక్కల, టస్కనీ పల్లెల్లో ఇది కాల్చిన రొట్టె, వెల్లుల్లి, ఉప్పు, నవంబరు ప్రాంతంలో గానుగ నుంచి వచ్చే కొత్త ఆలివ్ నూనె, అంతే. టమాటా తర్వాతి సంగతి. అంటే ఇందులో అసలు వంటకం రొట్టే. అర మీటరు పొడవున్న బగెట్‌ను (సన్నగా, పొడవుగా ఉండే ఫ్రెంచ్ రొట్టె) ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోస్తే సుమారు ముప్పై ముక్కలొస్తాయి, కాబట్టి ఎనిమిది బగెట్లు కావాలి. బేకరీవాళ్లకు ముందురోజు సాయంత్రం కాల్చినవి కావాలని చెప్పండి. అప్పుడే తీసిన రొట్టె కోస్తే నలిగిపోతుంది. సెంటీమీటరు కన్నా పల్చగా కోస్తే టమాటా బరువుకు మధ్యలో వంగి, అతిథి చీర మీదో చొక్కా మీదో పడుతుంది.

ఫంక్షన్ హాళ్లలో ఓవెన్ దొరకడం అరుదు. దిగులక్కర్లేదు, పెద్ద దోసె పెనం ఇంకా మేలు. ముక్కలకు రెండు వైపులా పల్చగా ఆలివ్ నూనె రాసి, మధ్యస్థంగా మంట పెట్టి, ఒక్కో వైపు మూడు నిమిషాలు కాల్చాలి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వద్ద పది, పన్నెండు నిమిషాలు. వేడిగా ఉన్నప్పుడే సగానికి కోసిన వెల్లుల్లి రెబ్బతో పైన ఒక్కసారి రుద్దండి. గరుకు పొర రెబ్బను తురిమేస్తుంది, అంతకు మించి వెల్లుల్లి అక్కర్లేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: కాల్చినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డ కప్పుతారు. లోపలి ఆవిరి బయటికి పోలేక పది నిమిషాల్లో తోలులా సాగుతాయి. జాలీ మీద విడివిడిగా పరచి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. హైదరాబాద్‌లో ఎండాకాలం ఇవి ఆరేడు గంటలు కరకరలాడుతూ ఉంటాయి. విశాఖ, కాకినాడ గాలిలో అంతసేపు ఆగవు. అక్కడ వడ్డించే ముందు మళ్లీ ఒక నిమిషం పెనం మీద వేయండి.

టమాటాలు ఏడు కిలోలు. గట్టి గుజ్జున్న హైబ్రిడ్ రకం కొనండి. నాటు టమాటా రుచి బాగున్నా దాని రసం రొట్టెను ముంచేస్తుంది. గింజలు, రసం తీసేసి చిన్న ముక్కలు కోస్తే నాలుగున్నర నుంచి ఐదు కిలోలు మిగులుతాయి. కిలోకు ఎనిమిది గ్రాముల ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు చిల్లుల గిన్నెలో వదలండి. దిగిన రసం చారుకు పనికొస్తుంది. తర్వాత 300 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, మిరియాల పొడి కలిపి చల్లగా ఉంచాలి. ఇటాలియన్ వంటల్లో వేసే తులసి జాతి ఆకు బేసిల్ మాత్రం అప్పుడే కలపొద్దు. ఆ ఆకు చలికి తట్టుకోదు, ఫ్రిజ్‌లో పెడితే గంటల్లో నల్ల మచ్చలొస్తాయి. కాడలను నీళ్ల గ్లాసులో ముంచి బయటే ఉంచి, వడ్డించేటప్పుడు చేత్తో తుంచి వేయండి. దాని బదులు పెరటి తులసి వేసేవాళ్లున్నారు. అందులో లవంగం ఘాటు ఉంటుంది, ఆ రుచి వేరు. సబ్జా గింజలిచ్చే మొక్క ఆకు చాలా నయం, అది బేసిల్ జాతే.

రొట్టె ఒక పక్క, టమాటా ఒక పక్క పెట్టుకుని కౌంటర్ దగ్గరే ఒక మనిషి ఇరవై చొప్పున కలపాలి. టమాటా పెట్టిన ముక్కకు ఆయుష్షు పది నిమిషాలే.

ఇక అరంచీనీ, అంటే లోపల చీజ్ పెట్టి నూనెలో వేయించిన అన్నం ఉండలు. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో వీధి తిండి ఇది. అక్కడి పలెర్మో నగరంలో గుండ్రంగా, కటానియా నగరంలో ఎక్కువగా శంకువులా చేస్తారు. డిసెంబరు 13న సెయింట్ లూసీ పండుగకు పలెర్మో జనం రొట్టె, పాస్తా మానేసి ఇలాంటివి తింటారు. అక్కడ ఒక్కటి తింటే కడుపు నిండుతుంది. నిలబడి తినే విందుకు 35 గ్రాములు చాలు, రెండు కొరుకుల్లో అయిపోవాలి. ముందురోజు చెయ్యగలిగేది, చెయ్యాల్సింది కూడా, ఈ ఒక్కటే.

220 ఉండలకు ఆర్బోరియో బియ్యం (ఉడికితే జిగటగా అయ్యే ఇటలీ పొట్టి బియ్యం) 2.2 కిలోలు. అది దొరక్కపోతే కొత్త బియ్యం తీసుకోండి. పాత సోనా మసూరి పొడిపొడిగా అవుతుంది, ఉండ నిలవదు. బియ్యం కడగొద్దు, ఉండను పట్టి ఉంచేది ఆ పిండిపదార్థమే. కూరగాయలు ఉడికించి వడకట్టిన వేడి నీరు (స్టాక్) ఐదున్నర లీటర్లు, కుంకుమపువ్వు ఒక గ్రాము వేసి, ద్రవమంతా ఇంకేదాకా ఉడికించాలి. దించాక 150 గ్రాముల వెన్న, 300 గ్రాముల తురిమిన చీజ్ కలపండి. జారుగా ఉంటే ఉండలు కట్టబోయినప్పుడు చేతికి అంటుకుంటాయి.

ఉడికిన అన్నాన్ని గిన్నెలోనే చల్లారనివ్వడం ప్రమాదం. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం తర్వాత నూనెలో వేయించినా పోదు. అందుకని వెడల్పాటి ట్రేలలో రెండు సెంటీమీటర్లకు మించకుండా పరచి, ఫ్యాను కింద ఆవిరి పోగొట్టి, గంటలోపే ఫ్రిజ్‌కు చేర్చాలి. మర్నాడు 30 గ్రాముల అన్నం మధ్యలో ఐదారు గ్రాముల మోజరెల్లా పెట్టి ఉండ చుట్టండి. ఆ మోజరెల్లాను ముక్కలు కోసి రాత్రంతా జల్లెడలో ఆరనివ్వాలి. చీజ్‌లోని నీరే నూనెలో ఆవిరై ఉండను పగలగొడుతుంది.

పైపూతకు గుడ్డు అవసరమే లేదు. సిసిలీలోనూ మైదా, నీళ్లు కలిపిన జారు పిండిలోనే ముంచుతారు. కిలో మైదాకు లీటరున్నర నీళ్లు, కాస్త ఉప్పు. బజ్జీల పిండి కన్నా పల్చగా ఉండాలి. ముంచి తీసి బ్రెడ్ పొడిలో దొర్లించి, అరగంట ఫ్రిజ్‌లో పెడితే పూత గట్టిపడుతుంది. ఎక్కడా అన్నం బయటికి కనబడకూడదు, కనబడిన చోటే పగులుతుంది.

నూనె 175 నుంచి 180 డిగ్రీలు. థర్మామీటరు కొనండి, ఇక్కడ చూపు అంచనా పనికిరాదు. వేడి తక్కువైతే ఉండలు నూనె తాగుతాయి. ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల చీజ్ చల్లగా ఉండిపోతుంది. ఐదు లీటర్ల నూనెలో ఒక వాయికి పన్నెండు, పదిహేను మించొద్దు. ఫ్రిజ్ నుంచి వచ్చిన ఉండలు నూనెను ఒక్కసారిగా చల్లారుస్తాయి. మూడు నాలుగు నిమిషాలకు ఒకటి విరిచి చూడండి, చీజ్ సాగాలి. రాలిన బ్రెడ్ పొడిని ప్రతి వాయికీ చిల్లుల గరిటెతో తీసేయాలి, లేకపోతే మాడి నూనెంతా చేదెక్కుతుంది. వేగినవి మూతపెట్టిన వేడి డబ్బాలో కన్నా తెరిచిన జాలీ ట్రేలోనే బాగుంటాయి.

మూడోది కాప్రేజె పుల్లలు. చెర్రీ టమాటా ఒకటి, చిన్న మోజరెల్లా ఉండ ఒకటి, బేసిల్ ఆకు ఒకటి, అంతే పని. మోజరెల్లాను ఉప్పునీటి నుంచి తీసి గుడ్డ మీద అద్దండి. ఐసు పరిచిన ట్రేలో ముప్పై చొప్పున బయటికి తెండి. ఐదు డిగ్రీల లోపు చల్లదనం నుంచి బయటికి తీశాక రెండు గంటలు, ఎండాకాలం లాన్‌లో అయితే గంటే గడువు. పుల్ల మొన చిన్నపిల్లలకు గుచ్చుకునేలా ఉండకూడదు.

మీ వ్యాసంలో ఎక్కడా రాని ఒక విషయం మాకు అన్నిటికన్నా ముఖ్యం. శాకాహార విందు అని ఆర్డరు తీసుకుని, పైన పార్మిజాన్ చీజ్ తురుముతున్నారు. అసలైన పార్మిజానో రెజ్జానోకు పాలు విరిచేది దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో. గొర్రె పాల చీజ్ పెకొరీనో రోమానోకు గొర్రెపిల్లది. బేసిల్‌తో నూరే సంప్రదాయ పెస్టో పచ్చడిలో ఈ చీజ్‌లు ఉంటాయి. క్రీముతో చేసే తీపి వంటకం పనకోటాలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. తెలియక తిన్న అతిథి నమ్మకాన్ని మనమే పాడుచేసినట్టు. మైక్రోబియల్ రెన్నెట్‌తో (జంతువుల నుంచి కాక సూక్ష్మజీవుల నుంచి తీసినది) చేసిన, ఆకుపచ్చ గుర్తున్న చీజ్ మన మార్కెట్‌లోనే దొరుకుతుంది. అరంచీనీకి అది సరిపోతుంది. పనకోటాకు జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడొచ్చు. ఆర్డరు ఇచ్చేవాళ్లు చీజ్ ప్యాకెట్ చూపించమని అడగాలి, అడిగితే ఏ కేటరరూ నొచ్చుకోకూడదు. వెల్లుల్లి తినని జైన అతిథులుంటే వాళ్ల రొట్టెలు ముందుగా, శుభ్రమైన పెనం మీద కాల్చి వేరే ట్రేలో పెట్టండి. పెస్టోలో పైన్ గింజలకు బదులు జీడిపప్పు వేస్తే, అలర్జీ ఉన్నవాళ్లకు తెలిసేలా ఆ మాట బల్ల మీది కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇట్లు,
కేటరింగ్ వంటవాళ్లు, హైదరాబాద్